లాటిన్ సారూ, కట్ట నడుమ బీడీలూ

బోధన్ బస్టాండు ఎదురుగా నాకొక చిన్న దుకాణం ఉంది. జిరాక్స్, లామినేషన్, పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు. పోయిన వారం ఒకతను వచ్చి ఫోనులో ఫొటో చూపించి, "అక్కా, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలె, జెల్ది" అన్నాడు. ఫొటో చూశాను. మెడలో మెరూన్ రంగు టై. రోహిణి ఎండల్లో కూడా విప్పని టై అది. నాకు మొహం కంటే ముందు టైయే గుర్తొచ్చింది.

పేరు కింద ఏం రాయాలని అడిగాను. "లాటిన్ భాషా మహాపండితులు అని రాయక్కా" అన్నాడు.

"మహా తీసేద్దామా? జాగ సరిపోదు" అన్నాను. జాగాకేం, కావలసినంత ఉంది.

"వద్దక్కా. పెద్దమ్మ ఉంచుమన్నది."

పెద్దమ్మంటే పోయినాయన తల్లి. ఉంచాను. వెనక పావురాలు పెట్టమన్నాడు. పెట్టాను. ఆ మనిషి బతికినన్నాళ్లలో ఒక్క పావురానికి గుప్పెడు గింజలు వేసి ఉండడు. అయినా పెట్టాను. నా దుకాణంలో ఎవరు పోయినా పావురాలు ఎగరాల్సిందే. ఎంతో శ్రద్ధగా, ఒక్క అక్షరం తప్పు పోకుండా టైపు చేశాను. నా నౌకరి ఊడగొట్టిన మనిషి చావుకు నా చేత్తో నేనే మహా తగిలించాను. ఇంతకంటే గురుదక్షిణ ఎవరిస్తారు?

అతను ఫ్లెక్సీ చుట్టుకుని వెళ్లిపోయాక కూడా ఆ టై నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఆయన్ని మేము లాటిన్ సార్ అనేవాళ్లం. నిజామాబాద్‌లో పురుగుమందుల దుకాణం మీది అంతస్తులో ఒక ఆఫీసు ఉండేది. మెట్లెక్కుతుంటేనే ముక్కు మండేది. ఓనరు హైదరాబాదులో ఏదో కంపెనీలో చేసి వచ్చిన కుర్రాడు. ఊళ్లో అందరికీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టానని చెప్పుకునేవాడు. ఎక్కడో విదేశంలో ఒక గ్రంథాలయం వాళ్లు తమ పాత లాటిన్ పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించారట. ప్రతి వాక్యంలోనూ పని చేసిందెవరు, ఆ పని ఎవరి మీద పడింది అని గుర్తులు పెట్టాలి. ఆ పని చేతులు మారి మారి మా ఓనరు దాకా వచ్చింది. కర్త మీద ఒక నొక్కు, కర్మ మీద ఒక నొక్కు. అంతే పని. దీనికి లాటిన్ పూర్తిగా రానక్కర్లేదు, కొంచెం వస్తే చాలని ఆయన లెక్క. కొంచెమే వచ్చిన మనిషిని వెతికి మరీ పట్టుకొచ్చాడు. ఆ కొంచెమే మా సారు.

చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో చదివి, పాదిరీ అవుదామని ఏదో సెమినరీకి వెళ్లి, మధ్యలో వదిలేసి వచ్చినవాడు. ఎందుకు వదిలేశావని ఎవరైనా అడిగితే, టై ముడి సవరించుకుని, "అదొక పెద్ద కథ" అనేవాడు. ఆ కథ ఎన్నడూ చెప్పలేదు. చెప్పేంత కథ ఉండి ఉండదని నా నమ్మకం.

నొక్కే పనికి మమ్మల్ని తీసుకున్నారు. మేమంటే డిగ్రీ పాసై ఇంట్లో బీడీలు చుట్టుకుంటున్న ఆడపిల్లలం. ఎడపల్లి నుంచి, బోధన్ నుంచి, చుట్టుపక్కల నుంచి. మా చేతులు తొందరగా ఆడతాయని ఓనరుకు ఎవరో చెప్పారట. అందులో అబద్ధం లేదు. నాకీ ఉద్యోగం వచ్చిన రోజు మా అమ్మ నేను బీడీలు చుట్టే చాటను గోడకున్న మేకుకు తగిలించి, "ఇగ దీన్ని కిందికి దించుడు లేదు బిడ్డా" అంది. ఆ మాట అంటూ పైట చెంగుతో చాట దుమ్ము కూడా తుడిచింది. మిగతా కథంతా ఆ చాట గురించే అనుకోండి.

మొదటి రోజు ఆయన క్లాసుకు వచ్చిన తీరు చూడాలి. ముందు జేబురుమాలు తీసి కుర్చీ తుడిచాడు. తర్వాత బల్ల తుడిచాడు. మా వైపు చూశాడు, మమ్మల్ని కూడా తుడిచేస్తాడేమో అనిపించింది. బోర్డు మీద తన పేరు రాసి, చివర "ఉస్" తగిలించాడు. "లాటిన్‌లో మగవాళ్ల పేర్లు ఇలా ఉంటాయి. పని చేసేవాడికి ఉస్, పని ఎవరి మీద పడితే వాడికి ఉమ్. కర్తకు ఒక తోక, కర్మకు ఒక తోక. అర్థమైందా?" అన్నాడు. ఆనాటి నుంచి మాకు ఆయన ఎప్పుడూ ఉస్సే. తన మీద ఏదైనా పడొచ్చుననే ఊహ కూడా ఆయనకు ఉన్నట్టు కనపడేది కాదు.

పాఠం చెప్పే పద్ధతి ఇదీ. డస్టరు తీసుకుని బల్ల మీద ఠపీమని కొట్టేవాడు.

"నేను బల్లను కొట్టాను. ఎవరి మీద పడ్డది?"

"బల్ల మీద సార్."

"అదే కర్మ! నుదుటి మీద రాసుండేది కాదమ్మా. నెత్తి మీద పడేది."

పుస్తకాల తెలుగులో మాట్లాడాలని ఆయనకు మహా తాపత్రయం. "కొట్టాను" దాకా బాగానే నడిచేది. "పడింది" దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ "పడ్డది" అయిపోయేది. ఎవరి మీద పడ్డది? ఇదే ఆయన మంత్రం. టీ ఒలికితే, "టీ కప్పును ఎవరు తన్నారు? ఎవరి మీద పడ్డది?" కరెంటు పోతే అదే, బస్సు ఆలస్యమైతే అదే. మేమంతా గొప్ప లాటిన్ పద్ధతి కాబోలనుకునేవాళ్లం.

మిగతావాళ్లు అనుకున్నారు. నేను అనుకోలేదు. ఆ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. బీడీలు అప్పగించడానికి కార్ఖానా ముందు వరుసలో కూర్చున్నప్పుడు ఆడవాళ్లు ఒకరినొకరు అడిగే మాట అది. కార్ఖానాలో మా కట్టలు చూసి, పనికిరాని బీడీలను ఏరి పక్కన పారేసే మనిషి ఉంటాడు. ఆ ఏరివేతను చాటన్ అంటారు. లోపలికి వెళ్లినామె బయటికి రాగానే వరుసంతా ఒకటే అడుగుతుంది: "ఇయ్యాల ఎవల మీద పడ్డది?" ఎవరి బీడీలు ఎక్కువ పోయాయి, ఎవరి రోజు మట్టిగొట్టుకుపోయింది అని. మా వాడలో ఆ మాట అందరికంటే గట్టిగా అడిగేది మా అమ్మ పక్కన కూర్చునే ఒక అవ్వ. ఆ అవ్వ కొడుకే ఈ టై మనిషి.

ఈ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అందుకే క్లాసులో నా వైపు సరిగ్గా చూసేవాడు కాదు. పొద్దున ఒకే బస్సులో వచ్చేవాళ్లం. ఆయన ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చెరకు తోటల్ని పరాయి దేశం చూసినట్టు చూసేవాడు. మేం ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే ఫ్రీ జీరో టికెట్ తీసుకుంటుంటే కండక్టరుతో ఇంగ్లీషులో ఏదో అని తనే నవ్వుకునేవాడు. సాయంత్రం మా వాడకు ఒక స్టాపు ముందే దిగి, చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు. ఎందుకంటే మా స్టాపు దగ్గర అరుగు మీద వాళ్లమ్మ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది కాబట్టి. ఆఫీసులో మాత్రం, "మా నాన్నగారు షుగర్ ఫ్యాక్టరీలో ఆఫీసరు. మమ్మీ హౌస్ వైఫ్" అని చెప్పుకున్నాడు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీ యార్డులో చెరకు బండ్లు ఖాళీ చేసేవాడు. నేను నోరు మూసుకున్నాను. నాకెందుకు? ఆయన అబద్ధంతో నా చాట మేకు మీద నుంచి కదలదనుకున్నాను.

పాఠానికి వస్తాను. ఒకరోజు ఆయన బోర్డు మీద "అగ్రికొల ఫీలియం వోకత్" అని రాసి, "రైతు బిడ్డను పిలుస్తున్నాడు" అని చెప్పాడు. తర్వాత చేతులు దులుపుకుని, ఇంద్రజాలం చేసేవాడిలా మాటలు అటూ ఇటూ మార్చి "ఫీలియం అగ్రికొల వోకత్" అని రాశాడు.

"ఇప్పుడు చెప్పండి. ఎవరు ఎవరిని పిలిచారు?"

"రైతే బిడ్డను పిలిచిండు సార్" అన్నాం.

ఆయన మొహం వాడిపోయింది. మేము తడబడతామని ఎదురుచూశాడు పాపం. ఆయనకు ఇంగ్లీషులోంచి లాటిన్ నేర్పారు. ఇంగ్లీషులో మాటల చోటు మారితే పిలిచినవాడు పిలిపించుకున్నవాడు అవుతాడు. అందుకని ఈ ముక్క అర్థం కావడానికి ఆయనకు చాలాకాలం పట్టిందట. మాకెందుకు పడుతుంది? బిడ్డను రైతు పిలిచినా, రైతు బిడ్డను పిలిచినా, మన భాషలో "ను" ఎక్కడుంటే దాని మీదే పని పడుతుంది. మనకు "ను", వాళ్లకు చివర "మ్". ఇంతే కదా అని నా పక్కన కూర్చునే సుజాత పైకే అనేసింది. మేము సులువుగా నేర్చుకోవడం ఆయనకు నచ్చలేదు. "అంత ఈజీ కాదు. మీరు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు" అన్నాడు.

నిజం చెప్పాలంటే మాకూ ఒకచోట చిక్కు వచ్చింది. మనం "చెరకు నరికిండు" అంటాం. "చెరకును నరికిండు" అనం. "నీళ్లు తాగిన" అంటాం. ప్రాణం లేనిదానికి "ను" తగిలించే ఓపిక మనకు లేదు. లాటిన్‌లో అలా కాదు, నీళ్లకూ గులాబీకీ ఉత్తరానికీ కూడా తోక తగలాల్సిందే. మేము మనుషుల మీదా గొడ్ల మీదా ఠక్కున నొక్కి, రాళ్లనూ రప్పలనూ వదిలేసేవాళ్లం. దీనికి ఆయన మందు కనిపెట్టాడు. "ఆలోచించకండి. చివర మ్ కనపడితే కర్మ. నొక్కెయ్యండి." ఆలోచించకండి అని చెప్పే పంతులును నేను ఈయన్నొక్కణ్నే చూశాను. అది మా చేతులకు సరిపోయింది. మ్ కనపడటం, నొక్కడం. మా వేగం చూసి ఓనరు మురిసిపోయి అందరికీ సమోసాలు తెప్పించాడు. సారు సమోసాను టిష్యూ పేపర్లో చుట్టుకుని, ఎవరూ చూడనప్పుడు తిన్నాడు.

అప్పుడొచ్చింది "బెల్లుం".

"సార్, లాటిన్ల బెల్లం గూడ ఉన్నదా?" అంది సుజాత. గది గదంతా గొల్లుమంది. చెరకు దేశం పిల్లలం, నవ్వమా?

"యుద్ధం! అది యుద్ధం!" అని ఆయన డస్టరుతో కొట్టాడు. ఎవరి మీద పడ్డదని మాత్రం ఆ రోజు అడగలేదు.

వాక్యం ఇది: "బెల్లుం అగ్రికొలం తెర్రెత్." యుద్ధం రైతును భయపెడుతోంది. రెండు మాటలకూ చివర మ్ ఉంది. ఏది నొక్కాలి? యుద్ధంలాంటి మాటలు కొన్ని ఉన్నాయి, అవి పని చేసినా, వాటి మీద పని పడినా ఒకే వేషంలో ఉంటాయి. లాటిన్ మొదటి పుస్తకంలోనే ఉండే సంగతట ఇది. నేను తర్వాత ఫోనులో చూసి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం అందరం ఆయన మొహం చూశాం. ఆయన టై ముడి సవరించుకున్నాడు.

"అది నెక్స్ట్ లెసన్."

ఆ నెక్స్ట్ లెసన్ రాలేదు. వారం తర్వాత అడిగినా నెక్స్ట్ లెసనే. ఆయన మరిచిపోయాడో, అసలు నేర్చుకోనే లేదో దేవుడికే తెలియాలి. "నాక్కూడా చూసుకోవాలమ్మా, రేపు చెప్తా" అంటే ఆయన సొమ్మేం పోయేది? ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి టై అడ్డం పడింది. మేం మాత్రం ఫైళ్లు పంపాల్సిందే. పుస్తకాలేమో యుద్ధాల పుస్తకాలు. ఏ పేజీ తిప్పినా బెల్లుమే.

అప్పుడు మేం చేసింది మా ఇళ్లలో అందరూ చేసేదే. కట్ట కట్టేటప్పుడు లావుగా వచ్చిన బీడీ, మూతి విచ్చుకున్న బీడీ, ఆకు చిరిగిన బీడీ నడుమకు పోతాయి. చుట్టూ మంచివి ఉంటాయి. కార్ఖానాలో మనిషి పైపైన చూసి, వేళ్లతో ఒకసారి తడిమి వదిలేస్తాడు. ప్రతి కట్టా విప్పే తీరిక ఎవరికి ఉంటుంది? చిన్నప్పుడు నాకు ఈ విద్య నేర్పింది మా అమ్మ కూడా కాదు, ఆ అవ్వే. "పైన కింద నిగనిగలాడాలె బిడ్డా. నడుమ ఏమున్నదో దేవునికెరుక" అని నవ్వేది. ఇక్కడా అంతే. అనుమానం లేని వాక్యాలన్నీ ఫైలుకు మొదట్లో, చివర్లో సర్దాం. బెల్లుంలన్నీ నడుమకు తోసి, కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కాం. ఒకరికొకరం చెప్పుకోలేదు. ఎవరికి వాళ్లం చేశాం. తర్వాత చూసుకుంటే అందరి కట్టా ఒకేలా ఉంది.

కంప్యూటరుకు కట్ట విప్పడానికి తీరిక ఉంటుందని మాకేం తెలుసు?

ఫైళ్లన్నీ తిరిగొచ్చాయి. ఓనరు మమ్మల్నీ సారునీ తన గదిలోకి పిలిచి, గోడ మీది పెద్ద తెర మీద చూపించాడు. సరైనవి పచ్చగా, తప్పులు ఎర్రగా ఉన్నాయి. ప్రతి ఫైలూ పైన పచ్చ, కింద పచ్చ, నడుమ ఎరుపు.

"ఇదేం బీమారి? మొదట్ల మంచిగనే ఉంటది, ఆఖర్ల మంచిగనే ఉంటది. నడిమిట్ల ఏమైతుంది మీకు? అందరు ఒక్కసారే పండుకుంటున్నరా? ఇది ఎవలో కావాల్నని చేసినట్టున్నది. వాళ్లెవలో చెప్పకపోతే అందర్ని తీసేస్త" అన్నాడు.

మేం నేల చూపులు చూశాం. సారు తెర వైపు చూశాడు. అప్పుడు నేను ఆయన మొహం చూశాను. పెదవుల చివర ఒక నవ్వు. అచ్చం ఆ అవ్వ నవ్వు. ఆ ఒక్క క్షణం ఆయన టై కట్టుకున్న మా వాడ మనిషిలా కనపడ్డాడు. ఇంక మాకు భయం లేదనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

"దీన్ని బీడీ కట్ట అంటరు సర్" అన్నాడాయన. ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. తెలిసిన సంగతి ఒకటి దొరికితే చెప్పకుండా ఉండలేని రోగం ఆయనది. "మంచివి పైన, చెడ్డవి నడుమ. కార్ఖానాలో చెక్ చేసేటోన్ని మోసం చేసే ట్రిక్. వీళ్లందరిదీ అదే మెంటాలిటీ."

ఓనరు కుర్చీలో ముందుకు వంగాడు. "సార్, మీకెట్ల ఎరుక ఇది?"

చాలా మామూలు ప్రశ్న. మా అమ్మ బీడీలు చుడుతుంది సర్ అంటే అయిపోయేది. అలా అంటే ఆఫీసరు నాన్నా, హౌస్ వైఫ్ మమ్మీ ఇద్దరూ అక్కడికక్కడే పోయేవాళ్లు. అంతకంటే ఏమీ పోయేది కాదు. ఆయన చెయ్యి టై ముడి మీదికి వెళ్లింది. తర్వాత వేలు నా వైపు తిరిగింది.

"ఆమె చెప్పింది సర్. మొన్న. అందరికి నేర్పింది గూడ ఆమెనే."

"సార్!" అంది సుజాత.  నేను ఆయన మొహంలోకి సూటిగా చూశాను. ఆయన ఎప్పటిలా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, బస్సులో చెరకు తోటల్ని చూసినట్టు.

ఆ మధ్యాహ్నమే నౌకరి పోయి ఇంటికి వచ్చేశాను. మా అమ్మ కుర్చీ వేసుకుని మేకు మీది చాట దించింది.

దొంగ విద్య చేశారు కాబట్టి తగినశాస్తి జరిగిందనే ధర్మరాజులు ఎవరైనా ఉంటే వాళ్లకొక మాట. చేశాం. పాఠం చెప్పనివాడు ఉన్నచోట పిల్లలు ఏదో ఒకటి నొక్కుతారు. తల్లి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడి ఇంకొకరి కూతురి కంచం లాగెయ్యడం మాత్రం ఏ బీడీల వాడలోనూ నేను చూడలేదు. దానికి లాటిన్ రావాలి కాబోలు.

నేను పోయాక మిగతావాళ్లు కట్టలు కట్టడం మానేశారట. భయంతో ఒక్కో వాక్యమూ వరుసలో చేశారట. అయినా ఫైళ్లు తిరిగొచ్చాయి. ఈసారి ఎరుపు అన్నిచోట్లా సమంగా ఉంది. బెల్లుం సంగతి తేల్చమని ఓనరు సారును నిలదీస్తే, ఆయన నెక్స్ట్ లెసన్ అన్నాడట. ఓనరు ఆయన్ని ఫోనులోనే తీసేశాడు. ఆ రోజు ఉస్‌గారికి కూడా చివర మ్ తగులుకుంది. సుజాత నాకు ఫోన్ చేసి ఈ సంగతి చెబుతుంటే నేను చుడుతున్న బీడీ పక్కన పెట్టి మరీ నవ్వాను. తర్వాత నాకీ దుకాణం దొరికింది. ఆయన బోధన్‌లో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకుంటూ, అదే టైతో నా దుకాణం ముందు నుంచే వెళ్లేవాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. జిరాక్సు కావాలంటే బజారు చివరిదాకా నడిచిపోయేవాడు. ఆ నడకలోనే పోయాడట, గుండె ఆగి. నాకు కన్నీళ్లు రాలేదు. తెచ్చుకోవాలని ప్రయత్నించలేదు కూడా.

ఫ్లెక్సీ పోయిన మర్నాడు మా అమ్మ, "ఒక్కసారి వోయి అవ్వకు మొకం చూపెట్టి రా. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకొని పెంచిన చెయ్యి అది" అంది. ఆయన కోసం వెళ్లలేదు. చెయ్యి మాట అన్నదని వెళ్లాను.

అవ్వ అరుగు మీదే ఉంది. కొడుకు పోయి దినాలు కూడా కాలేదు, ఒళ్లో చాట ఉంది. ఎవరో చుట్టం ఆ చాట లాగేసుకోబోతే, "చేతులు ఊకె ఉంటలేవు, ఇడువు" అని కసురుకుందట. ఎదురుగా స్తంభానికి నేను చేసిన ఫ్లెక్సీ కట్టి ఉంది. మహా, పావురాలు, టై అన్నీ ఉన్నాయి. నేను పక్కన కూర్చున్నాను. చాటలోంచి ఒక ఆకు తీసుకున్నాను. తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం చుట్టాను. కాసేపు ఇద్దరం అదే పని చేశాం.

"మా వోడు మీకు సదువు చెప్పిండు గదా" అంది.

"చెప్పిండు అవ్వా."

"ఆఫీసుల ఎట్లుండెటోడు?"

ఆయన గురించి ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఒక్కటి అంటే చాలు. అవ్వ బీడీ చుడుతూనే, నా వైపు చూడకుండా, ఇంకో మాట అడిగింది.

"అక్కడ నా ముచ్చట ఎప్పుడన్న తీస్తుండెనా?"

చుడుతున్న ఆకు నా వేళ్ల మధ్య చిరిగింది. దాన్ని పారేసి ఇంకోటి తీసుకున్నాను.

"టై లేకుంట ఒక్కనాడు గూడ రాలె అవ్వా" అన్నాను. "నీ ముచ్చట మస్తు చెప్తుండె. డస్టరుతోని బల్ల మీద కొట్టి, ఎవల మీద పడ్డది అని అడుగుతుండె."

అవ్వ కట్ట కడుతోంది. కట్టాక దాన్ని రెండు వేళ్లతో నడుమ నొక్కి చూసింది. అలవాటుగా చేసిన పనే అది.

"నడుమ చెప్పిన మాట మల్ల చెప్పు బిడ్డా."

 ఆయన గురించి నేనాడిన ఒకే ఒక్క మంచి మాట, అది కూడా రెండోసారి నోట్లోంచి రాలేదు.

"నౌకరి వోయిన నాడు ఇంటికొచ్చి చెప్పిండు" అంది అవ్వ. "కట్ట దొరికింది, ముందుగాల ఒక పిల్లను తీసేసిండ్రు, తర్వాత నన్ను తీసేసిండ్రు అన్నడు. నడుమ తోసుడు నేను నేర్పిందే గదరా, నా పేరు చెప్పినవా అంటె అన్నం ముంగటికెల్లి లేచిపోయిండు. గా పిల్లెవలో చెప్పలె." దారం తెంపింది. "ఎవల మీద పడ్డది?"

ఎన్నో క్లాసుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాను. బల్ల మీద, బిడ్డ మీద, రైతు మీద.

"నా మీదనే అవ్వా."

అవ్వ అప్పుడే కట్టిన కట్ట దారం విప్పింది. నడుమ నుంచి మూతి విచ్చుకున్న బీడీలు ఒక్కొక్కటే ఏరి, ఆకులు ఊడదీసి, తంబాకు మళ్లీ చాటలో పోసుకుంది. ఆ కట్టను మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టింది.